ఆరిందో లేదో చెప్పే వేలు

మా బావ గురించి నేను చెప్పే మాటల్లో సగం తీసేసి నమ్మమని మా అక్క అందరికీ చెబుతుంది. సగం తీసేసినా మిగిలేది మామూలు మనిషికి ఎక్కువే. తొమ్మిదో తరగతిలోనే బడికి ఒక దండం పెట్టి బయటికొచ్చిన వాణ్ణి, లెక్కల దగ్గర కాస్త చెయ్యి జారుతుంది. అంతకు మించి నా వైపు నుంచి లోపమేమీ లేదు.

బావ రంగుల అచ్చు మిషన్ నడిపేవాడు. ప్రెస్సులో ఎవరూ పేరుతో పిలిచేవాళ్ళు కాదు, 'వేలు మేస్త్రి' అనేవాళ్ళు. కాగితాన్ని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఒక్కసారి రాసి, "ఇది తేమ తాగింది, ఇవాళ ఎక్కించొద్దు," అనేవాడు. మాట వినకుండా ఎక్కిస్తే కాగితం ముడతలు పడి, అలిగిన పెళ్ళికొడుకు మొహంలా బయటికొచ్చేది. ఇంతవరకూ నిజం. ఇక్కణ్ణుంచి నా వంతు. మూసిన పుస్తకం అట్ట మీద వేలు పెట్టి లోపల ఏ పేజీలో అచ్చుతప్పు ఉందో చెప్పేస్తాడనీ, కాగితం నిమిరి అది ఏ చెట్టుదో, ఆ చెట్టు మీద ఏ పిట్ట గూడు కట్టిందో, ఆ పిట్టకి మొగుడితో పడేదో లేదో కూడా చెప్పేస్తాడనీ నేను బైండింగు బల్ల దగ్గర కూర్చుని కొత్తగా చేరినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. నమ్మనివాడు వెళ్ళి బావనే అడిగేవాడు. బావ మొహంలో ఒక్క గీత కదలకుండా, "పిట్ట సంగతి అబద్ధం. చెట్టు వరకే," అనేవాడు.

మా ప్రెస్సు పొడుగాటి రేకుల షెడ్డు. ముందు గదిలో ఓనరు, మధ్యలో మిషన్, వెనక మా బల్లలు. కిటికీలు ఉన్నాయి గానీ, వీధి దుమ్ము కాగితం మీద పడుతుందని ఎప్పుడూ మూసే ఉండేవి. మిషన్ లోపల సిలిండరుకి ఒక రబ్బరు పట్టా బిగించి ఉంటుంది. దాన్ని బ్లాంకెట్ అంటారు. ఎవరూ కప్పుకోరు, ఎవరికీ వెచ్చగా ఉండదు, అయినా అదే పేరు. బొమ్మ ముందు ఆ రబ్బరు మీద పడి, అక్కణ్ణుంచి కాగితం మీదికి దిగుతుంది. రంగు మార్చినప్పుడల్లా, బొమ్మ మసకబారినప్పుడల్లా ఆ రబ్బరునీ పైనున్న రోలర్లనీ సిరా చుక్క లేకుండా కడగాలి.

కడగడానికి రేకు డబ్బాలో ఒక ద్రావకం వచ్చేది. మేం దాన్ని మందు అనేవాళ్ళం. గుడ్డని అందులో ముంచి రబ్బరు మీద ఒక్క లాగు లాగితే సిరా మొత్తం గుడ్డకి వచ్చేసేది. గుడ్డ కింద పెట్టేలోపు రబ్బరు ఆరిపోయేది కూడా. అంత చురుకైన సరుకు. దాని వాసనకి మా షెడ్డులోకి దారితప్పి వచ్చిన దోమలు నాలుగు గోడలకీ గుద్దుకుని, చివరికి క్షమాపణ చెప్పి వెళ్ళిపోయేవి. కడగడం అయ్యాక మేస్త్రి రబ్బరు మీద రెండు వేళ్ళు ఆనించి, "ఆరింది!" అని అరవాలి. ఆ అరుపు వినపడేదాకా మిషన్ మీట ఎవరూ ముట్టుకోకూడదు. అది మా ప్రెస్సు కట్టుబాటు. ఓనరు ఎంత తొందరలో ఉన్నా ఆ అరుపు కోసం ఆగేవాడు. అంత పెద్ద మిషను, అంతమంది మనుషులు తన రెండు వేళ్ళ కోసం ఊపిరి బిగబట్టి నిలబడే ఆ క్షణం మా బావకి అన్నం కంటే ఎక్కువ.

మొదట పోయింది పాదాలు.

ఒకరోజు వీధిలో నడిచి వస్తుంటే ఎడమ చెప్పు ఎక్కడో ఊడి పడిపోయింది. బావకి తెలియలేదు. ఒంటి చెప్పుతో ప్రెస్సుకి వచ్చి, కాగితం సర్దుకుంటున్నాడు.

"బావా, రెండో చెప్పు ఇవాళ సెలవా?" అన్నాను.

కిందికి చూసుకున్నాడు. నవ్వుతాడనుకున్నాను. మొహం తెల్లగా పాలిపోయింది.

అక్క ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. నేనూ వెళ్ళాను, నేను లేకుండా మా ఇంట్లో రోగం కూడా ముందుకి సాగదు కాబట్టి. డాక్టరు ఒక ఇనప చువ్వ లాంటిది మోగించి బావ కాలి బొటనవేలి ఎముక మీద ఆనించాడు.

"వేలికి అదురు తెలుస్తోందా?"

"ఏది డాక్టర్ గారూ?"

నాకు రెండు బారల దూరంలో వినపడుతోంది దాని మోత. అక్క నా చెయ్యి పట్టుకుంది.

ఏం పని చేస్తారు, దేనితో కడుగుతారు, కిటికీలు తెరుస్తారా అని డాక్టరు ఒక్కొక్కటే అడిగాడు. అన్నీ విని, "ఆ ఆవిరి ఊపిరితో పాటు లోపలికి పోతుంది. చేతి చర్మంలోంచీ పోతుంది. పోయి నరాల కొసల్ని తినేస్తుంది. పాదాలతో మొదలై చేతులకి వస్తుంది. ఇప్పుడు మానేస్తే కొంతైనా తిరిగి రావచ్చు. మానకపోతే నడక కూడా ఉండదు," అన్నాడు.

"మాత్రలేమైనా ఉన్నాయా?" అని అడిగింది అక్క.

"ఉన్నాయమ్మా. ఆ డబ్బా పక్కన నిలబడి మింగితే మాత్రం పని చేయవు."

బయటికి రాగానే అక్క, "రేపట్నుంచి ఆ ప్రెస్సు ముఖం చూడొద్దు," అంది.

"మానేసి ఏం చేయను? నాకు తెలిసింది ఆ మిషనొక్కటే. ఏ ప్రెస్సుకి పోయినా అదే డబ్బా ఉంటుంది," అన్నాడు బావ.

"అయితే నరాలు అమ్ముకుంటారా?"

"ఎవరు కొంటారు?" అన్నాడు. అక్క నవ్వలేదు.

బావకి ఇంకో భయం ఉంది. ఆయనకి ముందు మిషన్ నడిపిన పెద్ద మేస్త్రికి కూడా ఇలాగే చేతులు మొద్దుబారాయి. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు రోలర్ల మధ్య చెయ్యి ఇరుక్కుంటే, ఇరుక్కుందని తెలియక అలాగే నిలబడ్డాడు. ఆ చెయ్యి బయటికి లాగింది మా ఓనరే. అప్పట్నుంచీ చెయ్యి సరిగ్గా లేని మనిషిని మిషన్ ఛాయలకి రానివ్వడు. అందులో ఆయన్ని తప్పు పట్టడానికి నోరు రాదు. కాబట్టి సంగతి ఇలా తేలింది: బావ వేళ్ళు బాగుండగానే ఆ డబ్బా ప్రెస్సులోంచి బయటికి పోవాలి. లేకపోతే డబ్బా ఉంటుంది, బావ బయటికి పోతాడు.

డబ్బాని బయటికి పంపే పని మా అక్క నెత్తికెత్తుకుంది. అక్క ఒక చిన్న సబ్బుల కార్ఖానాలో సీసాలు నింపే పని చేసేది. దాని వెనక గదిలో ఒక చదువుకున్నావిడ గింజల నూనెల్ని మరిగించి, విరిచి, ఇనుప సామాన్లకి పట్టిన జిడ్డు వదిలించే ద్రావకాలు తయారు చేసేది. మేం 'నూనె మేడమ్' అనేవాళ్ళం. అక్క చేతిలో సీసా పక్కన పెట్టి నేరుగా ఆవిడ ముందు నిలబడింది.

"మేడమ్, సిరాని కడిగేది మీ దగ్గర ఏదైనా ఉందా? దాంతో పాటు మనిషిని కడిగేయకుండా?"

ఆవిడ కాసేపు ఆలోచించి, "ఉందని చెప్పను. చేద్దాం," అంది.

ఆ మాట పట్టుకుని మా ఇల్లు కొన్ని నెలలు బతికింది.

మొదటి సీసా వచ్చింది. దాంతో కడిగిన రోజు వెనక వీధి వాళ్ళు ప్రెస్సులో వేపుళ్ళు చేస్తున్నారనుకుని కంచాలు పట్టుకుని వచ్చి వరసలో నిలబడ్డారు. సరే, ఇద్దరు వచ్చి తొంగిచూశారు. సిరా పోయింది గానీ రబ్బరు మీద జిగురు మిగిలింది. కాగితాలు ఒకదానికొకటి అంటుకుని విడదీయబోతే చిరిగిపోయాయి. మేడమ్ ఆ చిరిగిన కాగితాలన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్ళింది. రెండోది నీళ్ళలా పల్చగా వచ్చింది. సిరాని ఎంత బాగా తీసిందంటే బావ కళ్ళలో మెరుపు చూశాను. వారం తిరగకుండా రోలర్ల రబ్బరు ఉబ్బిపోయి కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఓనరు వచ్చి చూసి, "ఇదేంటయ్యా, నా రోలర్లకి నీరు పట్టిందా?" అన్నాడు. మేడమ్‌కి ముఖం చెల్లక చెవులు ఎర్రబడ్డాయి.

ఈలోగా బావ ఆ డబ్బాతోనే కడుగుతున్నాడు. రోజూ. వేరే దారి లేదు. అక్క రబ్బరు తొడుగులు కొనిచ్చింది. కొన్నాళ్ళకి ఆ మందు తొడుగుల్ని కూడా తినేసింది.

మూడోది పాలలా తెల్లగా ఉంది. నూనెలోంచి తీసిన ద్రావకాన్ని కొంచెం నీళ్ళతో, కొంచెం సబ్బుతో కలిపి చేసిందట. వాసన దాదాపు లేదు. మేడమ్ బావకి సీసా ఇస్తూ జాగ్రత్తలు చెప్పింది.

"మొక్కల్లోంచి వచ్చింది కదా అని చేతులు అందులో పెట్టి కూర్చోవద్దు. గన్నేరు కాయ కూడా మొక్కదే. ఇంకొకటి. ఇది డబ్బా మందులా దానంతటది ఆరిపోదు. గాల్లోకి పోదు కాబట్టే మీ ఊపిరిలోకి పోదు. కడిగాక తడిగుడ్డతో తుడవాలి, తర్వాత పొడిగుడ్డతో తుడవాలి, తర్వాత వేలితో చూసుకోవాలి. సన్నటి పొర మిగిలినా అక్కడ సిరా పట్టదు."

"వేలితో చూడ్డం నాకు కొత్తేం కాదు మేడమ్," అన్నాడు బావ.

నేను పక్కనే ఉన్నాను. "మేడమ్, మా బావ వేలు పెడితే మీ గింజ ఏ చేలో పండిందో చెప్పేస్తాడు," అన్నాను. మేడమ్ నవ్వింది. బావ నా వైపు చూడలేదు.

ఎందుకు చూడలేదో కొద్దిరోజులకి తెలిసింది. మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ బయట ఉంటే, నేను మర్చిపోయిన కత్తెర కోసం లోపలికి వచ్చాను. బావ పాలరంగు మందుతో రబ్బరు కడిగి, తడిగుడ్డ, పొడిగుడ్డ అన్నీ అయ్యాక వంగి, తన బుగ్గ తీసుకెళ్ళి రబ్బరుకి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ లేచి ఇంకోచోట ఆనించాడు.

"ఏంటి బావా, అక్కకి చెప్పమంటావా? ఈ రబ్బరమ్మతో ఎన్నాళ్ళ నుంచి?"

ఉలిక్కిపడ్డాడు. చుట్టూ చూశాడు. నా భుజం పట్టుకుని మిషన్ చాటుకి తీసుకెళ్ళాడు. భుజం మీద ఆ పట్టు ఎంత గట్టిగా ఉందో ఆయనకి తెలియడం లేదు, నాకు ఎముక నొప్పి పుట్టింది.

"వేళ్ళకి తెలియట్లేదురా," అన్నాడు.

"ఏది?"

"ఏదీ. తడి, పొడి, నున్నన, గరుకు. ఏదీ. బుగ్గకి తెలుస్తోంది."

నాకు నోట మాట రాలేదు. నన్నెరిగినవాళ్ళు నమ్మరు గానీ నిజంగానే రాలేదు.

"మరి డబ్బా మందుతో కడిగినప్పుడు 'ఆరింది' అని అరుస్తున్నావు కదా?"

"దానికి వేలెందుకు? ఎవడు ముట్టుకున్నా ముట్టుకోకపోయినా అది ఆరిపోతుంది. ఊరికే వేళ్ళు పెట్టి అరుస్తున్నాను. ఎన్నాళ్ళ నుంచో." గొంతు తగ్గించాడు. "ఆ పాడు మందుతోనైతే నా వేళ్ళు చచ్చినా పని నడిచిపోతోంది. ఈ మంచిదానికి బతికున్న వేళ్ళు కావాలి. చూశావా దీని తమాషా?"

"ఓనరుకి తెలిస్తే?"

"తెలియకూడదు. ఈ మందు ప్రెస్సులోకి రానీ. ఆ వాసన పోతే నెమ్మదిగా తిరిగొస్తాయని డాక్టరు అన్నాడు కదా. అప్పటిదాకా బుగ్గతో లాక్కొస్తాను. మీ అక్కకి కూడా చెప్పకు."

ఎవరికీ చెప్పలేదు. మామూలుగా నా కడుపులో ఏ సంగతీ తెల్లారేదాకా నిలవదు. ఇది నిలిచింది, రాయిలా.

చివరికి ఓనరు ఒప్పుకున్నాడు. పిల్లల బొమ్మల పుస్తకానికి అట్టలు వేయాలి. ఆకాశం నిండా నీలం, కింద ఒక ఏనుగు. "నీలం ఒక్క రంగే అంత మేర పరుచుకుని ఉంటుంది, చిన్న మచ్చ కూడా దాగదు," అన్నాడు ఓనరు. "ఈ పని మీ పాలసీసాతో చేసి చూపించండి. అట్ట మచ్చ లేకుండా వస్తే డబ్బా బయటికి. మచ్చ వచ్చిందా, పాలసీసా బయటికి. ఇక నన్ను అడగొద్దు మేడమ్, నా రోలర్లు మార్చింది చాలు."

"సరేనండి," అంది మేడమ్. అక్క ఆ రోజు సగం పూట సెలవు పెట్టి మేడమ్‌తో పాటు వచ్చింది.

బావ అనుకున్నట్టు జరగలేదు. బుగ్గ ఆనించుకోవడానికి చుట్టూ ఎవరూ ఉండకూడదు. ఆ ఉదయం షెడ్డులో మనుషులు ఈగల్లా ముసిరారు. ఓనరు ఒకవైపు చేతులు కట్టుకుని, పుస్తకం వేయించుకునే ఆయన ఇంకోవైపు కళ్ళజోడు తుడుచుకుంటూ. 'పొడుగు' అని మేం పిలిచే రెండో మేస్త్రి మీట దగ్గర. మేడమ్, అక్క రబ్బరుకి ఎదురుగా.

కడగడం బాగానే అయింది. సిరా మొత్తం గుడ్డకి వచ్చేసింది. తడిగుడ్డ అయింది. పొడిగుడ్డ అయింది. ఇక వేలు.

బావ నా వైపు చూశాడు. ఒక్క క్షణం. నాకు అర్థమైంది. అందరి తలలూ ఇటు తిప్పగలిగితే చాలు, వంగి బుగ్గ ఆనించేస్తాడు. ఈ పని కోసమే నేను పుట్టానేమో అనుకున్నాను. గొంతు సవరించుకుని, "ఓనరుగారూ, మీకు తెలుసా, ఒకసారి ఇలాంటి ఏనుగు బొమ్మే వేస్తుంటే తెల్లారేసరికి అట్ట మీంచి ఏనుగు మాయమైపోయింది! వెతగ్గా వెతగ్గా మా బైండింగు బల్ల కింద..." అని ఎత్తుకున్నాను. పొడుగు తిరిగాడు. కళ్ళజోడాయన తిరిగాడు. మేడమ్ కూడా తిరిగింది.

ఓనరు తిరగలేదు. "నీ ఏనుగు తర్వాత. మేస్త్రీ, కానివ్వు," అన్నాడు, బావ చేతుల మీంచి చూపు తీయకుండా.

బావ రెండు వేళ్ళు రబ్బరు మీద పెట్టాడు. మేస్త్రులు పెట్టినట్టే పెట్టాడు, అందంగా, తేలిగ్గా. ఇటు జరిపాడు, అటు జరిపాడు. నుదుటి మీద చెమట చుక్క కణత దాకా జారింది. తుడుచుకోలేదు.

"ఆరింది!" అన్నాడు.

పొడుగు మీట లాగాడు. మిషన్ కదిలింది. మొదటి అట్టలు బయటికొచ్చాయి. ఆకాశం మధ్యలో అరచెయ్యి అంత మేర నీలం లేదు. పాలిపోయిన తెల్లటి మచ్చ, అంచుల్లో చారలు. తర్వాతి అట్ట మీద కూడా. దాని తర్వాతి దాని మీద కూడా. ఓనరు చెయ్యెత్తాడు. మిషన్ ఆగింది.

మేడమ్ ఒక అట్ట చేతిలోకి తీసుకుని ఆ మచ్చ దగ్గర వేలు పెట్టి చూసింది. "పొర మిగిలింది. సబ్బు వంతు ఎక్కువైందేమో. ఇంకొక్కసారి మార్చి..."

"ఇంకొకసారి లేదన్నాను కదా మేడమ్," అన్నాడు ఓనరు. కోపంగా కూడా అనలేదు. "పొడుగూ, డబ్బా తియ్యి."

అక్క గోడకి ఆనుకుంది. పొడుగు వెళ్ళి రేకు డబ్బా మూత తిప్పాడు. ఆ వాసన వచ్చి మా అందరి ముక్కుల్లో కూర్చుంది.

"మూత పెట్టు," అన్నాడు బావ.

పొడుగు ఆగాడు.

"మూత పెట్టరా. మందులో లోపమేం లేదు." బావ ఓనరు వైపు తిరిగాడు. "రబ్బరు ఆరలేదు సార్. ఆరలేదని నాకు తెలియలేదు. నా వేళ్ళు పోయాయి."

"పోవడమేంటి?"

"పోవడమే. పోయి చాలా కాలమైంది. ఇన్నాళ్ళూ మీకు అబద్ధం అరిచాను."

అక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. బావ ఆ వైపు చూడకుండా మాట్లాడుతున్నాడు. "పొడుగుని కడగమనండి సార్. ఒక్కసారి. వాడి వేళ్ళు బాగున్నాయి ఇంకా. బాగుండగానే ఆ డబ్బా తీసేయించండి. మచ్చ వస్తే మీ ఇష్టం."

ఓనరు పొడుగుకి తల ఊపాడు.

పొడుగు కడిగాడు. తడిగుడ్డ, పొడిగుడ్డ. రెండు వేళ్ళు పెట్టి, "జారుతోంది, ఇంకా ఉంది," అని మళ్ళీ తుడిచాడు. మళ్ళీ పెట్టాడు. ఆ మాట అరిచే ముందు బావ మొహం వంక చూశాడు, అనుమతి అడుగుతున్నట్టు. బావ తల ఊపాడు.

"ఆరింది," అన్నాడు పొడుగు. అరవలేదు, మామూలుగా అన్నాడు.

అట్టలు వచ్చాయి. ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే నీలం. కళ్ళజోడాయన అట్టని వెలుతురుకి పెట్టి చూసి, "బాగుంది," అన్నాడు. ఆయనకి ఏం జరిగిందో సగం కూడా తెలియదు.

"మీ మందు ఉంటుంది మేడమ్," అన్నాడు ఓనరు. తర్వాత బావ దగ్గరికి వచ్చాడు. "పెద్ద మేస్త్రి చెయ్యి ఎలా లాగానో నీకు తెలుసు."

"తెలుసు సార్."

"నిన్ను మిషన్ దగ్గర నిలబెట్టలేను."

"తెలుసు సార్."

"నా బల్ల దగ్గర వేసుకుంటాను ఓనరుగారూ," అన్నాను నేను.

"నీ బల్ల దగ్గర ఏం చేస్తాడు? కాగితం మడవాలన్నా, విడదీయాలన్నా, దారం లాగాలన్నా వేళ్ళే కదా," అన్నాడు ఓనరు. "ప్రెస్సులో వేళ్ళతో పని లేని పని ఒక్కటి చెప్పండి. ఎవరైనా చెప్పండి. ఇచ్చేస్తాను."

అందరం షెడ్డు చుట్టూ చూశాం. మిషను, కాగితపు దొంతరలు, సిరా డబ్బాలు, కత్తెరలు, సూదులు. నేను ఏ కథైనా అల్లగలను. ఆ రోజు ఎంత వెతికినా ఒక్కటి దొరకలేదు.

ఇంట్లోకి వచ్చాక అక్క నన్ను చూపించి బావతో అంది.

"వీడికి తెలుసు. నాకు తెలియదు."

"చెబితే నువ్వు మేడమ్ దగ్గరికి వెళ్ళి మందు కోసం పోరాడేదానివా? నన్ను ఇంట్లో కూర్చోబెట్టేసేదానివి."

"ఇప్పుడు ఎక్కడ కూర్చున్నారు?"

బావ కుర్చీ వైపు చూసి, అందులో కూర్చున్నాడు.

ప్రెస్సులో కిటికీలు ఇప్పటికీ మూసే ఉంటాయి గానీ లోపల ఆ వాసన లేదు. పొడుగు తనకి తలనొప్పి అనేది ఒకటుండేదని ఇప్పుడే తెలిసిందంటాడు. పోయాక తెలిసిందట. కడగడానికి కాస్త ఎక్కువసేపు పడుతుందని మొదట్లో సణిగినవాళ్ళు మెల్లగా సణగడం మానేశారు. మేడమ్ దగ్గరికి ఇంకో రెండు ప్రెస్సులవాళ్ళు వచ్చి అడిగి వెళ్ళారు. ఇరవై అని చెబుదామనుకున్నాను, రెండే.

బావ కాళ్ళు ఇంకా దిగజారాయి. ఆ విషం మానేశాక కూడా కొన్నాళ్ళు అలా పోతుందనీ, ఆ తర్వాతే మలుపు తిరిగితే తిరుగుతుందనీ డాక్టరు చెప్పాడు. పాదాల మీద కొంచెం ఆశ ఉందట. చేతుల గురించి అడిగితే, "చూద్దాం," అన్నాడు. డాక్టర్ల 'చూద్దాం' ఎలా ఉంటుందో మీకు తెలుసు.

సాయంత్రాలు అక్క పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, బావ ఎదురుగా కూర్చుంటుంది. కళ్ళు మూసుకోమంటుంది. చేతిలో ఏదో ఒకటి పెట్టి, "ఏంటో చెప్పండి," అంటుంది. నరాలు మేలుకుంటాయేమోనని ఆవిడ ఆశ. బావ మోసగాడు. గరిటె అయితే కుర్చీ చేతికి తగిలించి చప్పుడు వింటాడు. సబ్బు అయితే ముక్కు దగ్గరికి తెచ్చుకుంటాడు. "తాళంచెవి! కాదు కాదు, ఏనుగు!" అని నా వైపు నవ్వుతాడు. నేనూ నవ్వుతాను, ఆ నవ్వుకి ఎంత బలం కావాలో మా ఇద్దరికే తెలుసు.

నిన్న నేను వెళ్ళేసరికి అదే ఆట నడుస్తోంది. తలుపు దగ్గరే ఆగిపోయాను. చేతికివ్వడానికి అక్క దగ్గర వస్తువులు అయిపోయినట్టున్నాయి. బావ చెయ్యి తీసుకుని, ఆ రెండు వేళ్ళని తన చెంప మీద పెట్టుకుంది. చెంప మీద నీళ్ళు కారుతున్నాయి, వేళ్ళ మీదుగా మణికట్టు వైపు దిగుతున్నాయి.

బావ కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడు. వేళ్ళు ఇటు జరిపాడు, అటు జరిపాడు.

"మెత్తగా ఉన్నట్టుంది. గుడ్డ కదా?"

"గుడ్డే. తడిదా, పొడిదా?"

ఈసారి చప్పుడు వినడానికి లేదు, వాసన చూడ్డానికి లేదు. ఒకప్పుడు మిషన్ దగ్గర నిలబడినట్టే తల కొంచెం పక్కకి వంచి చాలాసేపు వేళ్ళతోనే చూశాడు.

"పొడిది," అన్నాడు.

"అవును," అంది అక్క. "పొడిదే."